కొత్త బండి, పాత కాలు

నిరుడు సంక్రాంతికి ముందు నేనొక కొత్త మోటారు సైకిలు కొన్నాను. అంతకు ముందు పన్నెండేళ్ళుగా నడిపినది 100 ఘన సెంటీమీటర్ల ఇంజను గల సాదా బండి. దాని సామర్థ్యం సుమారు 8 అశ్వశక్తులు. కొత్తది పందెపు బండ్ల ఫక్కీలో తయారైనది, 43 అశ్వశక్తులది. దానిని కళాశాల ఆవరణలో నిలపగానే విద్యార్థులు చుట్టూ మూగారు. "మాస్టారూ, ఎంత వేగం పోతుంది?" అన్న ప్రశ్నకు ఆనాడు ఇరవై సార్లయినా జవాబు చెప్పి ఉంటాను. ఎంత దూరంలో ఆగుతుందని ఒక్కరూ అడుగలేదు. భౌతికశాస్త్రం చెప్పే నాకూ ఆ ప్రశ్న తోచలేదు.

రెండవ వారంలో ఒకనాటి సాయంత్రం కాలవగట్టు రోడ్డు మీద గంటకు 60 కి.మీ. వేగంతో ఇంటికి వస్తున్నాను. తుమ్మచెట్ల చాటు నుండి ఒక గేదె తాపీగా రోడ్డెక్కింది. నా కుడికాలు వెనుక బ్రేకును గట్టిగా తొక్కింది. పాదం కింద పెడలు టకటక కొట్టుకొన్నది. బండి వేగం తగ్గింది గాని నేననుకొన్న చోట ఆగలేదు. గేదె తోకకూ తూము గోడకూ మధ్యనున్న సందులో నుండి ఎట్లాగో బయటపడి, మరికొంత దూరం పోయి ఆగాను. ముందు చక్రపు బ్రేకు మీద నా చేయి పడనే లేదు. బండిలో లోపమేమీ లేదు. పాత బండి మీద పన్నెండేళ్ళు నేర్చుకొన్న పనినే నా కాలు కొత్త బండి మీదనూ చేసింది.

నా అనుభవం అరుదైనదేమీ కాదని తరువాత తెలిసింది. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ అనే ఆయన, తన సహచరులతో కలిసి లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో జరిగిన 900 మోటారు సైకిలు ప్రమాదాలను ఆయా స్థలాలకు పోయి పరిశీలించాడు. ఆ నివేదిక 1981లో వెలువడింది. పాతదే అయినా, ఈ విషయం మీద వ్రాసేవారు నేటికీ దానిని తలుస్తూనే ఉంటారు. ప్రమాదానికి గురి అయినవారికి సగటున మూడేళ్ళకు కొంచెం తక్కువగా రోడ్డు అనుభవం ఉన్నది. కాని వారిలో సగానికి పైగా, ప్రమాదం జరిగిన ఆ బండిని నడపడం మొదలుపెట్టి అయిదు నెలలైనా కాలేదు! అనగా మోటారు సైకిలు నడపడం వచ్చినవారే, చేతిలో ఉన్న ఆ మోటారు సైకిలుకు మాత్రం ఇంకా కొత్తవారు. మరొక విషయం: ఆపదను గమనించిన తరువాత వారికి చిక్కిన వ్యవధి రెండు సెకండ్లకు లోపే. ఆ వ్యవధిలో ఎక్కువమంది వెనుక చక్రాన్ని బిగించి జారనిచ్చారు. ముందు బ్రేకును చాలినంత వాడలేదు. హ్యాండిలును సరిగా నెట్టి బండిని పక్కకు తప్పించే నేర్పు దాదాపు ఎవరిలోనూ కనిపించలేదు.

వెనుక బ్రేకుతో వచ్చిన చిక్కేమిటో చూద్దాం. బస్సులో నిలుచున్నప్పుడు డ్రైవరు బ్రేకు వేస్తే మనం ముందుకు తూలుతాం. మోటారు సైకిలు మీద కూడ బరువు అట్లాగే ముందుకు ఒరుగుతుంది. బ్రేకు బలం పనిచేసేది నేల మట్టాన, టైరు అడుగున. బండినీ మనిషినీ కలుపుకొన్న గురుత్వ కేంద్రం అంతకన్న పైన, సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. ఈ ఎత్తు కారణంగా ఒక భ్రామకం పుట్టి ముందు చక్రాన్ని నేలకు అదుముతుంది, వెనుక చక్రాన్ని తేలిక చేస్తుంది. చక్రాల నడిమి దూరం 140 సెంటీమీటర్లనుకొందాం. నిలిచి ఉన్నప్పుడు రెండు చక్రాల మీద బరువు సరిసగం. గురుత్వ త్వరణంలో పదింట ఎనిమిది వంతుల రేటున వేగం తగ్గించామంటే, మొత్తం బరువులో నూటికి 34 వంతులు వెనుక నుండి ముందుకు మారుతుంది. అప్పుడు ముందు చక్రం మీద 84 వంతులు, వెనుక చక్రం మీద 16 వంతులే మిగులుతాయి.

ఘర్షణ బలం చక్రం మీది బరువుకు అనుపాతంలో ఉంటుంది గదా. పదహారు వంతులే మోస్తున్న చక్రాన్ని పట్టుకొని బండిని ఆపాలనుకోవడం, తెడ్డు కొనను మాత్రమే నీటికి తగిలించి పడవను తోయబోవడం వంటిది. పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.8 అనుకొని లెక్క వేస్తే ఫలితాలిట్లా వస్తాయి. గంటకు 60 కి.మీ. వేగం నుండి, రెండు బ్రేకులూ చక్కగా వాడితే బండి 18 మీటర్లలో ఆగుతుంది. ముందు బ్రేకు ఒక్కటే వాడితే 23 మీటర్లు. వెనుక బ్రేకు ఒక్కటే అయితే 48 మీటర్లు! మనిషి ఆపదను గ్రహించి కదలడానికి పట్టే వ్యవధిలో పోయే దూరం ఇందులో చేరలేదు. పై తరగతుల విద్యార్థుల చేత ఈ లెక్క నల్లబల్ల మీద చేయించవచ్చును. వెనుక బ్రేకు ఉదాహరణలో ఒక చిన్న మెలిక ఉన్నది: బరువు ఎంత మారుతుందనేది బ్రేకు బలం మీదనూ, బ్రేకు బలం బరువు మీదనూ ఆధారపడి ఉండడం చేత రెంటినీ ఒకే సమీకరణంలో పెట్టి సాధించాలి.

ఇంకొకటి కూడ లెక్క కట్టించండి. సరిగా బ్రేకు వేసినవాడు 18వ మీటరు వద్ద నిలిచిపోయాడు. అదే చోటికి వచ్చేసరికి వెనుక బ్రేకు మాత్రమే తొక్కినవాని వేగమెంత? గంటకు సుమారు 47 కి.మీ. ఈ అంకె వచ్చిన నాడు నాకు ఆ గేదె మరొకసారి కళ్ళకు కట్టింది.

"ముందు బ్రేకు వేస్తే బోర్లా పడతావు" అని మన ఊళ్ళలో పెద్దలు సైకిలు నేర్పేనాడే చెబుతారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ముందు బ్రేకును ఒక్కసారిగా గుంజితే, బరువు ఇంకా ముందుకు చేరకముందే బ్రేకు బలం టైరు మీద పడుతుంది. బరువు లేని టైరుకు పట్టు ఉండదు, జారుతుంది. ముందు చక్రం జారితే నిలదొక్కుకోవడం చాల కష్టం. కాబట్టి పిడిని నిమ్మకాయ పిండినట్లు, మొదట మెత్తగానూ, స్ప్రింగులు అణగి బరువు ముందుకు చేరిన కొద్దీ గట్టిగానూ బిగించాలి. ఇదంతా అర సెకండులో జరిగే పని. చదివితే చాలదు, చేతికి రావాలి. సాదా బండి ముందు బ్రేకు చాల వాటిలో డ్రమ్ము రకం. ఎంత గుంజినా మందంగా పట్టుకొంటుంది. కొత్త బండిది పెద్ద డిస్కు. రెండు వేళ్ళు చాలు. పాత చేతి బలాన్ని దీని మీద ప్రయోగిస్తే మొదటి రోజుననే తెలిసివస్తుంది.

చక్రం బిగుసుకోకుండా కాపాడే ఏర్పాటును ఏ.బి.యస్. అంటారు. మన దేశంలో 125 ఘన సెంటీమీటర్లకు మించిన ద్విచక్ర వాహనాలకు ఇది తప్పనిసరి అయినది: కొత్త నమూనాలకు 2018 ఏప్రిల్ నుండి, అన్నిటికీ 2019 ఏప్రిల్ నుండి. చక్రం పక్కన గల పళ్ళ పళ్ళెం తిరుగుతుంటే ఒక గ్రాహకం ఆ పళ్ళను లెక్కిస్తుంది. చక్రం ఉన్నట్టుండి ఆగిపోబోతే, బ్రేకు ద్రవపు పీడనాన్ని క్షణకాలం సడలించి మళ్ళీ బిగిస్తుంది. సెకండుకు ఎన్నో సార్లు. నా కాలి కింద టకటకలాడినది అదే. బండి పక్కకు జారకుండా నన్ను నిలబెట్టినది కూడ అదే. అయితే అది ఉన్న ఘర్షణను పోనీయకుండా కాపాడగలదే గాని లేని ఘర్షణను తేలేదు. నేను వెనుక బ్రేకు మాత్రమే వాడితే, వెనుక చక్రం ఇవ్వగలిగినంతే అది ఇప్పించింది.

ఇక యాక్సిలరేటరు సంగతి. బండిని, నన్ను కలిపి తూచితే పాతది 175 కిలోలు, కొత్తది 235 కిలోలు. ఒక అశ్వశక్తి 746 వాట్లు. ఆ లెక్కన పాత బండిలో కిలోకు 34 వాట్లు, కొత్తదానిలో 136 వాట్లు వస్తాయి. సరిగా నాలుగు రెట్లు. పాత బండి మీద లారీని దాటాలంటే పిడిని చివరంటా తిప్పి ఓపిక పట్టడం అలవాటు. అదే తిప్పుడు కొత్తదాని మీద తిప్పితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

నాలుగు రెట్లన్నది కూడ అన్ని వేళలా ఒకే తీరున ఉండదు. అసలు మోసం అక్కడే ఉన్నది. రెండు ఇంజనులను పోల్చి చూడండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బండి 2021 నమూనాలో అత్యధిక భ్రామకం 27 న్యూటన్ మీటర్లు. అది నిమిషానికి 4,000 భ్రమణాల వద్ద లభిస్తుంది. కవసాకి నింజా 300 ఇంజనులో కూడ అత్యధిక భ్రామకం దాదాపు అంతే. కాని అది లభించేది 10,000 భ్రమణాల వద్ద. సామర్థ్యమనగా భ్రామకాన్ని భ్రమణ వేగంతో గుణించగా వచ్చినది గనుక మొదటిది సుమారు 20 అశ్వశక్తుల వద్ద ఆగిపోగా, రెండవది 38 దాటుతుంది. మొదటిది ఎడ్లబండి వలె మొదటి అడుగు నుండే లాగుతుంది. రెండవ రకపు ఇంజను తక్కువ భ్రమణాల వద్ద సాధువుగా ఉంటుంది. "ఏమిటి, ఇంతేనా?" అని పిడిని మరికొంత తిప్పుతాం. ముల్లు ఏడెనిమిది వేలు దాటేసరికి, మనం అంతకు ముందే అడిగి ఉంచినదంతా ఒక్కసారిగా ఇచ్చివేస్తుంది.

అప్పుడు మరొక విశేషం జరుగుతుంది. బండి ముందుకు దూకుతుంది. జడత్వం వల్ల మన శరీరం వెనుకబడుతుంది. పడిపోకుండా చేతులతో హ్యాండిలును గట్టిగా పట్టుకొంటాం. శరీరం వెనుకకు లాగే కొద్దీ కుడి మణికట్టు కిందికి వంగుతుంది. మణికట్టు కిందికి వంగడమంటే యాక్సిలరేటరు ఇంకా తిరగడమే! త్వరణం పెరుగుతుంది, శరీరం ఇంకా వెనుకకు పోతుంది, పిడి ఇంకా తిరుగుతుంది. ఫలితం తన కారణాన్ని తానే పెంచుకొంటూ పోయే ఇటువంటి గొలుసును ధన ప్రతిపుష్టి అంటారు. మైకు ముందు స్పీకరు పెడితే పుట్టే కీచుమనే కూత కూడ ఈ జాతిదే. పందెపు బండ్లకు పెట్రోలు ట్యాంకు రెండు పక్కలా లోపలికి నొక్కుకొని ఉండేది అందం కోసమే అనుకొనేవాణ్ణి. మోకాళ్ళతో ట్యాంకును అదిమి పట్టుకొంటే శరీరపు బరువు చేతుల మీద పడదు. మణికట్టు స్వేచ్ఛగా ఉంటుంది, గొలుసు తెగిపోతుంది. పాత బండి మీద నేను మోకాళ్ళు బార్లా చాపి కూర్చునేవాణ్ణి. ఈ ఒక్కటి మార్చుకోవడానికి నెల పట్టింది.

మలుపుల విషయంలో పాత అలవాటు కన్న పాత భయం అడ్డం వస్తుంది. మలుపులో బండి ఎంత వాలాలో నిర్ణయించేవి వేగము, మలుపు వ్యాసార్ధము, గురుత్వ త్వరణము. వాలు కోణపు టాంజెంటు వేగ వర్గానికి అనుపాతంలో ఉంటుంది. బండి బరువుతో నిమిత్తం లేదు. వ్యాసార్ధం 40 మీటర్లు గల మలుపులో గంటకు 50 కి.మీ. వేగంతో పోతే 26 డిగ్రీలు వాలితే చాలు. 70 కి.మీ. అయితే 44 డిగ్రీలు వాలాలి. సాదా బండి మీద ఇరవై, ఇరవై అయిదు డిగ్రీలకు అలవాటుపడిన మనసు అంతకు మించి వాలడానికి ఒప్పదు. కొత్త బండి మలుపు దగ్గరకు మనమెరగకుండానే 70లో తెచ్చి పెడుతుంది. అప్పుడు భయపడి బండిని నిటారుగా లేపి బ్రేకు వేస్తే, అది మలుపు వదలి తిన్నగా రోడ్డవతలికి పోతుంది. చూపు కూడ చెరుపు చేస్తుంది. ఎదుటి రాయిని తదేకంగా చూస్తే చేతులు బండిని అటే నడిపిస్తాయి. పోవలసిన దారిని చూడడం అలవాటు చేసుకోవాలి.

బండిని వాల్చడమెట్లా? ఈ ప్రశ్న నా తరగతిలో అడిగితే "ఒళ్ళు అటు వంచాలి" అన్నవారే అందరూ. విమాన నిర్మాతలైన రైట్ సోదరులు మొదట సైకిళ్ళ వ్యాపారులు. సైకిలు తొక్కేవారు ఎడమకు తిరగబోయే ముందు క్షణకాలం కుడివైపుకు హ్యాండిలు తిప్పుతారని, ఆ సంగతి తమకే తెలియదని వారిలో విల్బర్ రైట్ గమనించాడు. దీనిని ఎవరైనా సైకిలు మీద పరీక్షించుకోవచ్చును. బడి ఆటస్థలంలో, మట్టి గట్టిగా ఉన్న చోట, ఒక మోస్తరు వేగంతో తిన్నగా పోతూ పిడుల మీద అరచేతులు మాత్రం ఆనించండి. వేళ్ళు చుట్టవద్దు. ఇప్పుడు కుడి పిడిని ముందుకు చాల మెల్లగా నెట్టండి. చక్రం ఎడమకు తిరిగింది గనుక సైకిలు ఎడమకు పోవాలి. పోదు, కుడికి వాలి కుడికే తిరుగుతుంది! చక్రపు అడుగు ఎడమకు జరిగింది, పైనున్న శరీరం జడత్వం చేత ఉన్నచోటనే ఉండిపోయింది. అందుచేత మొత్తం కుడికి ఒరిగింది. అరచేతిలో కర్ర నిలబెట్టి ఆడించే పిల్లవాడు, కర్రను కుడికి వంచాలంటే చేతిని ఎడమకు జరుపుతాడు గదా, అదే ఇది.

సైకిలు మీద ఈ పని మన ఎరుక లేకుండానే జరిగిపోతుంది. 170 కిలోల బండి మీద, గంటకు 60 కి.మీ. దాటిన తరువాత ఒంటిని వంచినందువల్ల కలిగే ఫలితం స్వల్పం. గిరగిర తిరిగే చక్రాలు కూడ వాలడాన్ని ఒకింత నిరోధిస్తాయి. అక్కడ తెలిసి నెట్టవలసిందే. ఎటు పోవాలో అటు పిడిని ముందుకు నెట్టాలి. లాస్ ఏంజెలెస్ నివేదికలో కనిపించని నేర్పు ఇదే. తెలియనివాడు ఆపద సమయంలో కుడికి తప్పుకోవాలని హ్యాండిలును కుడికే తిప్పబోతాడు. బండి ఎడమకు, ఆపద మీదికే పోతుంది.

వాలిన బండి మీద బ్రేకు వేయరాదని అందరూ అంటారు గాని ఎందుకో చెప్పరు. టైరు పట్టు ఒక్కటే. దానిని మలుపుకూ బ్రేకుకూ పంచుకోవాలి. అయితే ఈ పంపకం కూడికల లెక్క కాదు, పైథాగరస్ లెక్క. మొత్తం పట్టు 100 అనుకొంటే, మలుపుకు 80 ఖర్చయినప్పుడు బ్రేకుకు 20 గాక 60 మిగులుతుంది. మలుపుకు 100 ఖర్చయితే మిగిలేది సున్న. పైగా ఈ నూరు కూడ ఎప్పుడూ నూరు కాదు. వానతో తగ్గుతుంది, ఇసుకతో ఇంకా తగ్గుతుంది. మా ప్రాంతంలో కోతల కాలాన రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. గింజలు టైరు కింద బాల్ బేరింగుల వలె దొర్లుతాయి. రైతుకు వేరే కళ్ళం లేదు, పాపం; మనమే ముందుగా వేగం తగ్గించి, బండిని నిటారుగా ఉంచి, బ్రేకు ముట్టకుండా పోవాలి.

కొత్త ఇంజనుకు కూడ కొంత అలవాటు కావలసి ఉంటుంది. సిలిండరు లోపలి గోడ మీద సన్నని అడ్డగీతలు చెక్కి ఉంచుతారు. పిస్టను రింగులు వాటితో ఒరుసుకొని క్రమంగా పొందికగా కుదురుకొంటాయి. అందుకే మొదటి వెయ్యి కిలోమీటర్లు ఇంత భ్రమణ వేగం మించరాదని బండితో ఇచ్చే పుస్తకంలో వ్రాస్తారు. అరిగిన లోహపు రజను నూనెలో చేరుతుంది గనుక మొదటి సర్వీసులో నూనె మారుస్తారు. కొత్త టైరు పై పొర నున్నగా ఉండడం వల్ల మొదటి 150 కిలోమీటర్లు మెల్లగా నడపాలి. నడిపేవాడు కుదురుకోవడానికి ఎన్ని కిలోమీటర్లు కావాలో నాకిచ్చిన పుస్తకంలో లేదు.

గేదె తరువాతి ఆదివారం నుండి మా ఊరి మార్కెట్ యార్డు సిమెంటు నేల మీద అభ్యాసం మొదలుపెట్టాను. ఆదివారం అక్కడ బస్తాలూ లారీలూ ఉండవు. సుద్దతో గీత గీసి, గంటకు 40 కి.మీ. వేగంతో వచ్చి, ముందు చక్రం గీత దాటగానే బ్రేకు వేయడం. ఆగిన చోటికి టేపుతో కొలవడం. శిరస్త్రాణము, చేతి తొడుగులు, బూట్లు లేకుండా బండి ఎక్కలేదు. కొలతలకు డిగ్రీ విద్యార్థులిద్దరు తోడు వచ్చేవారు. ఇది చదివే ఉన్నత పాఠశాల విద్యార్థులు పైన చెప్పిన సైకిలు ప్రయోగంతో సరిపెట్టుకోవాలి. గేర్ల బండికి చట్టం పద్ధెనిమిదేళ్ళు నిండాలంటుంది.

లెక్క ప్రకారం ఆ వేగం నుండి 8 మీటర్లలో ఆగవచ్చు. మొదటినాడు నేను ఆగినది 15 మీటర్లలో. చేయి బిగించగానే మనసు జంకి సడలించేది. నాలుగవ ఆదివారానికి 10 మీటర్లకు వచ్చింది. కాలి బ్రేకు మాత్రమే వాడి కొలిచిననాడు 22 మీటర్లు పట్టింది.

అయిదవ ఆదివారం విద్యార్థులలో ఒకడు, "మాస్టారూ, మీ పాత బండి ఎంతలో ఆగేదో కొలవలేదేం?" అన్నాడు. ఆ బండిని ఇప్పుడు మా తమ్ముడు నడుపుతున్నాడు. తెప్పించి చూశాం. కాలి బ్రేకుతో 21 మీటర్లు; రెండు బ్రేకులతో 12. పన్నెండేళ్ళలో ఆ బండి ముందు బ్రేకును నేను గట్టిగా పట్టుకొన్నది ఆనాడే మొదటిసారి. కొలతల కాగితాన్ని తమ్ముడికిచ్చాను. వాడు దానిని మడిచి జేబులో పెట్టుకొని, యార్డులోనే గీత దగ్గరకు బండిని వెనుకకు తిప్పుకొన్నాడు.